గొట్టం బిళ్ళల పండుం

మా చెల్లెలి కూతురికి నర్సు ఉద్యోగం వచ్చింది. ఉసూర్ బ్లాకులో పోస్టింగు. మొన్న బచేలిలో మా ఇంటికి వచ్చి నా మంచం అంచున కూర్చుని, ఫీల్డుకి ఎలాంటి బూట్లు కొనుక్కోవాలి పెద్దమ్మా అని అడిగింది. ఏవైనా కొనుక్కో, కాని వాటిని విప్పి చంకలో పెట్టుకుని వాగు దాటడం ముందు నేర్చుకో అన్నాను. అది పకపకా నవ్వింది. నేను నవ్వించడానికి చెప్పలేదు. దానికీ, దానిలాగే కొత్తగా చేరేవాళ్ళకీ పనికొస్తుందేమోనని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ప్రమోషన్ల గురించి రాయను. నాకు ఒకటే వచ్చింది, అదీ నేను సెలవులో ఉన్నప్పుడు. రిపోర్టుల గురించీ రాయను. అవి రాసిన రోజుల్లోనే ఎవరూ చదవలేదు, ఇప్పుడెవరు చదువుతారు?

మా నాన్న రైల్వే గ్యాంగుమన్. బొబ్బిలి వైపు నుంచి కిరండూల్ లైను మీదికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇనుపరాయి దుమ్ములో పెరిగాం కాబట్టి మా తెల్లగౌన్లు ఎప్పుడూ తెల్లగా లేవు. ఇంట్లో మా ఊరి తెలుగు, బడిలో హిందీ, చర్చిలో రెండూ, సంతలో హల్బీ. మూడు భాషలు వచ్చిన నర్సునని ఎంతో మురిసిపోయి నన్ను ఆవపల్లి వైపు వేశారు. అక్కడ మాట్లాడేదీ తెలుగే, అయితే నేను "ఏటి" అంటే వాళ్ళు "ఏంది" అంటారు. మొదటి ఏడాది నేను మాట్లాడితే ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు. నేను సిగ్గనుకున్నాను. నవ్వని తర్వాత తెలిసింది.

జ్వరాలన్నీ మలేరియా కావు

మా దగ్గర జ్వరం అంటే మలేరియా. వేలు గుచ్చి రక్తం చూస్తే లేదని వచ్చినా, కనపడలేదంతే, లోపలెక్కడో దాక్కుని ఉంటుందని మా ధీమా. ఊళ్ళవాళ్ళూ మమ్మల్ని మలేరియావాళ్ళనే పిలిచేవారు. కాన్పు చేయడానికి వెళ్ళినా మలేరియా నర్సమ్మ వచ్చింది అనేవారు. కాన్పు అయ్యాక నేను చేతులు కడుక్కుంటుంటే, పిల్లకు మలేరియా ఏమన్నా ఉందా అని అడిగేవారు.

లెప్టోస్పైరోసిస్ అనే మాట మొదటిసారి ట్రైనింగులో విన్నాను. ఆ పేరు అందరిచేతా పలికించేసరికి భోజనాల వేళయింది. అసలు సంగతి చిన్నదే. ఎలుకలు, ఒక్కోసారి పశువులూ పందులూ, ఉచ్చ పోస్తాయి. అందులో కంటికి కనపడని క్రిమి ఉంటుంది. వానలకు అది మడి నీళ్ళలో కలుస్తుంది. కాళ్ళు పగిలినవాళ్ళు ఆ బురదలో దిగితే పగుళ్ళలోంచి ఒంట్లోకి పోతుంది. కొన్నాళ్ళకు జ్వరం వస్తుంది, కళ్ళు ఎర్రబడతాయి, పిక్కలు ముట్టుకోనివ్వవు. చాలామందికి తగ్గిపోతుంది. కొందరికి కామెర్లు వచ్చి, మూత్రం ఆగిపోయి, మనిషే దక్కడు. ముందుగా గుర్తిస్తే మామూలు మందులకు లొంగే రోగం ఇది. నాకు ఒళ్ళుమండేది అక్కడే.

ఎలుకలతో జాగ్రత్త అని చెప్పమని మమ్మల్ని పంపారు. పొలం ఎలుకను పట్టి, కాల్చి, కూర వండుకుని తినే ఊళ్ళకు పంపారు. వాళ్ళకు ఎలుకంటే భయం ఎందుకుంటుంది, మనకు వంకాయంటే ఉందా? పై ఆఫీసు నుంచి ఒక పోస్టరు వచ్చింది. అందులో ఎలుక పందిపిల్లంత ఉంది. ఒక ముసలాయన దాన్ని చాలాసేపు చూసి, మా దగ్గర గింత పెద్దయి దొరకవు, మీ రాయపూర్‌లో దొరుకుతయా, ఎట్ల పడతరు అని ఎంతో ఆశగా అడిగాడు.

తర్వాత గంబూట్లు వచ్చాయి. నాట్లు వేసేటప్పుడు తొడుక్కోవాలట. అన్నీ ఒకే సైజు, అది మా జిల్లాలో ఎవరికీ లేని సైజు. ఆ ఆర్డరు ఇచ్చినాయన ఎప్పుడూ మడిలో దిగలేదని బురద ఇట్టే పట్టేసింది. ఆడవాళ్ళు ఒక్క అడుగు వేసేవారు, కాలు పైకొచ్చేది, బూటు కిందే ఉండిపోయేది. నాట్లు అయ్యాక చూస్తే వరి నారు మధ్య బూట్లు కూడా వరసగా నాటి ఉన్నాయి. కొన్నింటిని తీసి ఇళ్ళకు తెచ్చుకున్నారు. ఒకదాంట్లో కోడి గుడ్లు పెట్టింది. ఇంకొకదాంట్లో ఎలుక పిల్లల్ని పెట్టింది. ఎలుక జ్వరం రాకుండా సర్కారు ఇచ్చిన బూటులో ఎలుక సుఖంగా పురుడు పోసుకోవడం నా కళ్ళతో నేను చూశాను.

సమ్మక్క ఇంటి చిక్కుడు పాదు

ఆవపల్లి దాటి, వాగు దాటి, అడవిలో నడిస్తే ఒక పారా వస్తుంది. ఊరికి దూరంగా ఉండే గుంపు ఇళ్ళను అక్కడ పారా అంటారు. దాని పేరు రాయను. వాళ్ళకు తెలిస్తే నన్ను సంతలో పట్టుకుని ఏడిపిస్తారు.

అక్కడ లచ్చయ్య అనే రైతు ఉండేవాడు. కోతలకు ముందు పల్లపు మడిలో నిలిచిన నీళ్ళు తీయడానికి దిగాడు. జ్వరం వచ్చింది. మలేరియా మాత్రలు మింగాడు. తగ్గలేదు. కళ్ళు పచ్చబడితే ఎవరో కళ్ళలో పసరు పోశారు. మంచం మీద మోసుకుని రోడ్డు దాకా తెచ్చేసరికి పొద్దు చాలా గడిచిపోయింది. పెద్దాసుపత్రిలో పోయాడు. అది లెప్టో అని అక్కడివాళ్ళు తర్వాత మా డాక్టర్ బాబుకు ఫోనులో చెప్పారు. మేము వెళ్ళి ఇంట్లోవాళ్ళకు చెప్పాం. వాళ్ళు మర్యాదగా విని, టీ ఇచ్చి పంపారు. ఎందుకంటే లచ్చయ్య ఎందుకు పోయాడో ఊరికి అప్పటికే తెలుసు.

ఇక్కడ పండుం గురించి చెప్పాలి. అంటే పండుగే. మామిడికాయ కానీ, చిక్కుడు కానీ, కొత్త బియ్యం కానీ, ఆ ఏడు కొత్తగా వచ్చినదేదైనా ఊరంతా కలిసి పండుం చేసేదాకా ఎవరూ నోట పెట్టరు. ముందు దేవతకు, తర్వాత పోయినవాళ్ళకు, ఆ తర్వాతే బతికున్నవాళ్ళకు. ఊరి పూజ చేసేవాణ్ణి పెర్మ అంటారు. ఆ పారాకు పెర్మ భీమయ్య, లచ్చయ్యకు సొంత అన్న.

లచ్చయ్య ఆ ఏడు చిక్కుడు పండుం కాకముందే తన ఇంటి కప్పు మీది పాదు నుంచి రెండు లేత కాయలు తెంపి పచ్చివే నమిలాడు. భీమయ్య చూశాడు. తమ్ముడే కదా అని ఊరుకున్నాడు. ఆ తర్వాత కొద్ది రోజులకే జ్వరం. ఇంకేముంది, లెక్క కుదిరింది.

లచ్చయ్య పెళ్ళాం సమ్మక్క ఆ పాదును వేళ్ళతో సహా పీకేసింది. ఊరు ఆమెను ఒక్క మాట అనలేదు. కాని ఆమె ఇంటికి వచ్చినవాళ్ళు నీళ్ళు తాగేవారు, కూర తినేవారు కాదు. నేను ఒకటికి రెండుసార్లు గమనించాను. ఆమె మాత్రం నోటి దురుసు తగ్గించుకోలేదు. నా చీర కుచ్చిళ్ళు బురదలో ఈడ్చుకుపోతుంటే, ఏంది నర్సమ్మా, మా పొలం దున్నుతున్నవా అనేది.

మేనేజరు గారి ఉపన్యాసం

మరుసటి వానలకు డాక్టర్ బాబు ఒక నిర్ణయం తీసుకున్నాడు. దుర్గ్ వైపు కుర్రాడు, చదువు మీద శ్రద్ధ ఉన్నవాడు. వాగు దాటేటప్పుడు మాత్రం నా భుజం పట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. నాట్లకు దిగే పెద్దవాళ్ళందరికీ, గర్భిణులను వదిలి, ఎలుక జ్వరం రాకుండా వారానికోసారి డాక్సీసైక్లిన్ ఇద్దామన్నాడు. అది గొట్టం బిళ్ళ, క్యాప్సూలన్నమాట, సగం ఆకుపచ్చ, సగం పసుపు. మంచి ఆలోచన. ఇప్పటికీ అదే అంటాను.

దాన్ని చెడగొట్టింది మా బ్లాకు మేనేజరు గారు. మైకు లేకపోయినా మైకు ఉన్నట్టు మాట్లాడే మనిషి. ఆయన మంచివాడే, కాని నలుగురు కనిపిస్తే ఆగలేడు. పారాలో అందరినీ కూర్చోబెట్టి హిందీలో మొదలుపెట్టాడు. ఇది ఈ ఏడే కొత్తగా వచ్చింది, మీ ఊళ్ళో ఇంతవరకూ ఎవరూ తినలేదు, మొట్టమొదట తినే భాగ్యం మీదే అన్నాడు. నేను ఒక్క ముక్క పొల్లుపోకుండా తెలుగులో చెప్పాను. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆయన దాన్ని ఆశ్చర్యం అనుకున్నాడు, నేను ఆనందం అనుకున్నాను. రెండు చేతులూ చాచి బిళ్ళలు అందుకున్నారు. ఫోటోలు దిగారు. మా అందరికీ చాలా తృప్తి కలిగింది.

తర్వాతి వారం వెళ్ళి సమ్మక్క ఇంట్లో తలెత్తి చూస్తే, వాసానికి విత్తనాల మూటల పక్కన చిన్న ఆకు పొట్లం వేలాడుతోంది. విప్పితే మా బిళ్ళలు, ఒక్కటీ తగ్గలేదు. పక్కింట్లో చూశాను, అక్కడా పొట్లమే. ఇంటింటికీ వాసానికి ఒక పొట్లం. ఎలుకలు ముట్టుకోకుండా ఎత్తుగా కట్టామని ఒకావిడ నాకు ధైర్యం చెప్పింది.

నాకు కోపం నెత్తికెక్కింది. "ఏటే సమ్మక్కా, మింగమని ఇచ్చిన మందుని ఇలగ ఏలాడగట్టేరేటి?" అన్నాను.

"పండుం గాలే గద నర్సమ్మా," అంది.

దేనికి పండుం అన్నాను. ఆమె నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూసింది. ఈ ఏడు కొత్తగా వచ్చిందనీ, ఎవరూ తినలేదనీ, మీ సారే చెప్పిండు గదా, నువ్వే గదా మాకు తెలుగుల చెప్పింది అంది. పైగా పచ్చగా కూడా ఉందట.

ఆ ఊళ్ళో ఏది తినకూడదో దానికి ఇంతకంటే మంచి వర్ణన ఇంకెవరూ ఇవ్వలేరు. మేనేజరు గారు తడుముకోకుండా ఇచ్చాడు. నేను దాన్ని చక్కటి తెలుగులో అందించాను.

నవ్వుకునే సంగతే, కాని ఆ రోజు నాకు నవ్వు రాలేదు. అక్కడ నాట్లు వంతుల మీద వేస్తారు. ఇవాళ నీ మడిలో అందరూ, రేపు నా మడిలో అందరూ. సమ్మక్కది అన్నిటికంటే పల్లపు మడి, నీళ్ళు ముందు నిండేది దానికే, కాబట్టి మొదటి వంతు ఆమెదే. నారు కట్టలు మోయడానికి మగదిక్కు లేదు, తానే ముందు దిగాలి. లచ్చయ్య దిగిన మడి అదే. ఆమె మడమలు చూశాను. నా చిటికెన వేలు పట్టేంత పగుళ్ళు.

ఒక్కటి మింగవే, ఎవరికీ చెప్పను అన్నాను. నర్సు అనవలసిన మాట కాదు. ఆమె నవ్వలేదు.

"మింగిననుకో. రేపు నాకు గింత జరమొచ్చినా ఊరు ఏమంటది? మొగడు చిక్కుళ్ళు తిని పోయిండు, పెండ్లాం గొట్టాలు తిని పోయింది అంటది. నా మడిల ఇంగెవ్వలన్న దిగుతరా?"

మందు లేకుండా దిగితే రోగం, మందు మింగి దిగితే ఊరు. ఆమె నిలబడ్డ చోటు అది. ఇలాంటిది ట్రైనింగులో ఎవరూ చెప్పరు.

కొత్తది తెచ్చినవాళ్ళే కోడి తేవాలి

భీమయ్య దగ్గరికి వెళ్ళాను. ఆయన్ని మూర్ఖుడని తిట్టాలని వెళ్ళాను, ఒప్పుకుంటాను. ఆయన బుట్ట అల్లుకుంటూ తల ఎత్తకుండా విన్నాడు. మందుల మీద ఆయనకు పగ లేదు. మా మలేరియా మాత్రలు నోరు చేదని కూడా అనకుండా మింగే మనిషి.

"తమ్ముడు కాయ తెంపంగ చూసిన. కండ్లు మూసుకున్న. పోయిండు. ఇంకోసారి మూసుకోను నర్సమ్మా," అన్నాడు.

అల్లుతున్న చేతులు ఆగిపోయాయి. నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆయన మందును అడ్డుకోవడం లేదు, మరదల్ని కాపాడుకుంటున్నాడు. నేనూ అదే పని మీద వచ్చాను. మా ఇద్దరి మధ్యా అడ్డం ఉన్నది ఒక పండుగ మాత్రమే.

అయితే చేసేద్దాం అన్నాను. ఆయన మొదటిసారి నవ్వాడు. కొత్తది తెచ్చినవాళ్ళే కోడి తేవాలన్నాడు. పద్ధతి ఏమిటంటే, దేవత ముందు కోడికి గింజలు చల్లుతారు. కోడి ముక్కున కరుచుకుంటే దేవత ఒప్పుకున్నట్టు. కరవకపోతే ఒప్పుకోనట్టు. సమ్మక్క వంతు రాకముందే చేయాలని బతిమాలాను, సరేనన్నాడు.

డాక్టర్ బాబు ఈ మాట విని, అంటే మన వైద్యం మంజూరు చేసేది కోడా అన్నాడు. అవును బాబూ, ఇంతకుముందు మనం పైకి పంపిన కాగితాలు మంజూరు చేసినవాళ్ళ కంటే ఇది త్వరగా చెబుతుంది అన్నాను. మేనేజరు గారు మాత్రం ఉత్సాహంతో ఊగిపోయాడు. జన భాగస్వామ్యం అన్నాడు. కోడి బాధ్యత తనదే అన్నాడు.

పండుం రోజు ఆయన కోడిని తెచ్చాడు. సంచి విప్పితే తెల్లటి బ్రాయిలర్ కోడి. సంతలో ఫారం కోళ్ళ బోను దగ్గర తూకం వేయించి కొన్నాడట. దాన్ని దేవత ముందు నిలబెట్టారు, అది కూర్చుంది. మళ్ళీ నిలబెట్టారు, మళ్ళీ కూర్చుంది. ముందు బియ్యం చల్లితే వాటిని చూసి కళ్ళు మూసుకుంది. పాపం, దానికి పుట్టినప్పటి నుంచీ దాణా తొట్టే తెలుసు, నేల మీద గింజ ఏరుకోవాలని ఎవరు చెప్పారు? భీమయ్య దాని చుట్టూ ఒకసారి తిరిగి, పుంజా పెట్టా అని అడిగాడు. మేనేజరు గారు కోడి వైపు చూశాడు, నా వైపు చూశాడు, చికెన్ అన్నాడు.

"ఇది కోడి గాదు సారూ, కూర," అన్నాడు భీమయ్య.

జనం గొల్లుమన్నారు. నేను మాత్రం ఆకాశం వైపు చూశాను. మేము ఇంకో కోడిని కొని తేవాలంటే వాగు దాటి పోవాలి, మబ్బు కమ్మి ఉంది, వాగు పొంగితే వంతు రోజు దాటిపోతుంది. అప్పుడు సమ్మక్క లేచి ఇంటికి పోయి తన ఎర్ర పుంజును చంకలో పెట్టుకుని వచ్చింది. పుంజు మహా పొగరుగా ఉంది. నర్సమ్మ కొన్నట్టే అనుకో బావా అని భీమయ్యతో అంది. ఆయన పుంజును నా చేతుల్లో పెట్టించి, నేను దింపితే చెల్లుతుందన్నాడు. అది నన్ను రెండుసార్లు పొడిచింది. రెండోది మాత్రం కావాలనే పొడిచింది.

డాక్టర్ బాబు బిళ్ళ విప్పి పొడిని బియ్యంలో కలిపాడు. పుంజు వచ్చింది, వాసన చూసింది, పొడి అంటని గింజల్ని ఒక్కొక్కటిగా ఏరుకుని తింది. అంటిన గింజల దగ్గరకొచ్చి తల అటు తిప్పుకుంది. చేదు కదా, దానికి మాత్రం తెలియదా? ఎవరూ మాట్లాడటం లేదు. మేనేజరు గారు కూడా మాట్లాడటం లేదంటే పరిస్థితి అర్థం చేసుకోండి. నేను చర్చికి వెళ్ళే మనిషిని. ఆ పూట దేవుడికి మనసులో దండం పెట్టుకుని, ఈ కోడి నోరు తెరిపించు తండ్రీ అన్నాను. మా పాస్టరుగారు తర్వాత దీని గురించి అడిగితే, ప్రార్థన నాది, పండుం వాళ్ళది, మందు సర్కారుది అని చెప్పాను. ఆయన ఇంకేమీ అడగలేదు.

డాక్టర్ బాబు ఇంకో బిళ్ళ విప్పబోయి జారవిడిచాడు. ఆకుపచ్చా పసుపూ రంగుల్లో అది నేల మీద దొర్లింది. పుంజు దాన్ని పురుగనుకుందో ఏమో, ఒక్క గెంతు గెంతి ముక్కున కరుచుకుని, మెడ సాచి, గుటుక్కున మింగేసింది. మనుషులు నీళ్ళతో కూడా అంత చక్కగా మింగరు.

డప్పు మోగింది. డాక్టర్ బాబు మాత్రం తల పట్టుకున్నాడు. మనిషి మోతాదు కోడికి పడిపోయిందని ఆయన బాధ. భీమయ్యకు ఇంకో చిక్కు వచ్చింది. పద్ధతి ప్రకారం ఇప్పుడు పుంజును కోయాలి. కోస్తే అది మందు వల్ల బాగుందో లేదో ఎవరికి తెలుస్తుంది? ఆలోచించి, దీన్ని కొయ్యొద్దు, చూద్దాం అన్నాడు. ఆ దేవత ముందు నిలబడి ప్రాణాలతో తిరిగి వచ్చిన మొదటి పుంజు అదే అయి ఉంటుంది. దాని బదులు మేనేజరు గారి కూర, కూరే అయింది.

అందరం పుంజు చుట్టూ కూర్చున్నాం. నేను నా సర్వీసులో ఏ రోగినీ అంత శ్రద్ధగా కనిపెట్టుకుని ఉండలేదు. అది కాసేపు ఇసుకలో పొర్లింది. నీడలో కునికింది. అప్పుడు డాక్టర్ బాబు ముఖం చూడాల్సింది. పొద్దు వాలుతుండగా లేచి, రెక్కలు దులుపుకుని, పక్కింటి పెట్ట వెంట పడింది. భీమయ్య తల ఆడించాడు. ఇంకో పరీక్ష అక్కర్లేదన్నాడు.

తప్పు ఎవరిది

తినేముందు, కొత్తది ఎందుకు వచ్చిందో దేవతకు చెప్పాలి. ఆ పని భీమయ్య నాకు అప్పజెప్పాడు. మేనేజరు గారు గొంతు సవరించుకున్నాడు కాని, భీమయ్య ఆయన వైపు చూడలేదు.

నేను బాక్టీరియా అనలేదు, లెప్టో అనలేదు. ఎలుక మడి గట్టున ఉచ్చ పోస్తుంది, వానకు అది నీళ్ళలో కలుస్తుంది, పగిలిన కాలిలోంచి లోపలికి పోతుంది, మనిషి పచ్చబడతాడు అన్నాను. లచ్చయ్యకు వచ్చింది ఇదే అన్నాను. ఈ బిళ్ళ దాన్ని ముందే ఆపుతుందన్నాను. ఇదంతా అంతకుముందు సంవత్సరం కూడా చెప్పాం. కాని అప్పుడు కుర్చీల్లో కూర్చుని చెప్పాం.

భీమయ్య విని, ఎలుక ఉచ్చలో విషం ఎట్ల వచ్చిందని అడిగాడు. అది నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. ఆయన లేచి, నాతో కాదు, ఊరితో అన్నాడు.

"ఎలుక పండుం జేస్తదా? కొత్త వడ్లు ముందుగాల అదే తింటది. ప్రతి ఏడు తింటది, మూటలకు మూటలు తింటది. ఆ తప్పు దాని ఉచ్చల దిగింది. నా తమ్ముడు దాంట్ల కాలు వెట్టిండు, గంతే. రెండు చిక్కుడుకాయలకు మనిషి పోడు."

డాక్టర్ బాబుకు నేను గుసగుసగా హిందీలో చెప్పాను. ఆయన సరిదిద్దడానికి నోరు తెరిచాడు. నేను ఆయన కాలు గట్టిగా తొక్కాను. నోరు మూసుకున్నాడు. నా ఉద్యోగంలో నేను చేసిన మంచి వైద్యాల్లో అదొకటని నా నమ్మకం.

సమ్మక్క అక్కడే నిలబడి ఉంది. ముక్కు చీది, ముందుకొచ్చి, చెయ్యి చాపింది. మొదటి బిళ్ళ ఆమే మింగింది. చెంబెడు నీళ్ళు తాగించాను. ఆమె వెనకాల వరస కట్టారు.

ఈ బిళ్ళ మింగాక వెంటనే పడుకోకూడదు, గొంతులో మంట పుడుతుంది. ఈ సంగతి ఒప్పించడానికి ప్రతి ఊళ్ళోనూ నా గొంతు పోయేది. ఆ రోజు చెప్పనక్కరలేదు. పండుంలో ఎవరు పడుకుంటారు? డప్పులు మొదలయ్యాయి, అందరూ నిలబడే ఉన్నారు. ఇప్పసారా మాత్రం మందు దిగాకే అని గట్టిగా చెప్పాను. నా మాట విన్నారో, విన్నట్టు నటించారో, నేను అటు తిరిగి చూడలేదు. మేనేజరు గారిని ఇద్దరు పెద్దమనుషులు చెరో చెయ్యీ పట్టుకుని ఆడించారు. ఆయన ఉపన్యాసం లేకుండా గడిపిన సాయంత్రం అదొక్కటే.

వచ్చేవారం మళ్ళీ పండుం చేయాలా అని భయం భయంగా అడిగాను. ఒకసారి అయితే ఆ ఏటికి అయినట్టే అన్నాడు భీమయ్య. వాసాలకు కట్టిన పొట్లాలన్నీ దిగాయి. సమ్మక్క మడిలో మొదటి వంతుకు ఊరంతా దిగింది. తర్వాత నేను వెళ్ళిన ప్రతి వారం ఆ పుంజు కూడా వరసలో వచ్చి నిలబడేది. దానికి ఇవ్వలేదు, ఒక్క మోతాదు చాలన్నాను. నా మీద అలిగింది.

ఆ వానలకు సమ్మక్క కళ్ళు పచ్చబడలేదు. ఇద్దరు ముగ్గురికి జ్వరాలు వచ్చాయి. ఈసారి మేము పిక్కలు నొక్కి చూశాం, కళ్ళు చూశాం, ఏ మడిలో దిగావని అడిగాం. మలేరియా అని కళ్ళు మూసుకోలేదు. నా చెల్లెలి కూతురా, ఈ మొత్తంలో నువ్వు నేర్చుకోవలసిన వైద్యం ఈ మూడు ముక్కలే. మిగతాది కోడి చూసుకుంటుంది.

చిక్కుడుకాయ కూర

చలి మొదలయ్యాక చిక్కుడు పండుంకు రమ్మని సమ్మక్క కబురు పంపింది. నాకు చిక్కుడుకాయ పడదు, కడుపు ఉబ్బుతుంది. ఏదో వంక చెప్పి తప్పించుకుందామనుకున్నాను. అయినా వెళ్ళాను.

దూరం నుంచే కనపడింది. ఆమె ఇంటి కప్పు మీద చిక్కుడు పాదు, ఊదాపూలతో, వాసాల చివరి దాకా పాకి ఉంది. ఎప్పుడు విత్తనం పెట్టావే అంటే, నీ గొట్టాల పండుం తెల్లారే అంది. లోపల భీమయ్య, ఇరుగుపొరుగువాళ్ళు, అందరూ ఆకుల ముందు కూర్చుని ఉన్నారు. నీళ్ళ కోసం కాదు, కూర కోసం. పుంజు గడపలో నిలబడి వచ్చేవాళ్ళను లెక్క చూసుకుంటోంది.

దేవతకు పెట్టడం అయింది. సమ్మక్క ఒక డొప్పలో కొంచెం అన్నం, నాలుగు చిక్కుడుకాయ ముక్కలు పెట్టుకుని ఇంటి మూలకు వెళ్ళింది. పోయినవాళ్ళకు పెట్టే చోటు అది. డొప్ప కింద పెట్టి, లచ్చయ్య ఎదురుగా కూర్చున్నట్టే, కాస్త కసురుకుంటున్నట్టే అంది.

"ఇగ తిను. పండుం అయింది."

నేను రెండోసారి కూర వేయించుకున్నాను.